పన్నెండో పెట్టె

"కాలు జారి పడ్డాడట!"

పోలీసు రిపోర్టు నకలును ఆ అమ్మాయి బల్ల మీదికి విసిరికొట్టింది. "పంతొమ్మిదేళ్లుగా ఆ షెడ్డే లోకంగా బతికాడు మా నాన్న. కళ్లకు గంతలు కట్టినా ఏ పెట్టె ఏ అరలో ఉందో చెప్పేవాడు. సరిగ్గా ఇవాళే కాలు జారిందట! ఇలా రాయడానికి వాడికి చేతులెలా వచ్చాయి మేడమ్?"

డిటెక్టివ్ కళ్లద్దాలు పైకి తోసుకుని కాగితం అందుకుంది. ఏ కాగితంలోనైనా ఆమె ముందు చూసేది టైమే. షెడ్డులో ర్యాకు కూలి దాని కింద మనిషి చనిపోయి ఉన్నాడని తెలిసింది పొద్దున ఏడూ పదికి. అది ప్రమాదమేనని ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టింది ఏడూ నలభైకి.

"అరగంట," అంది ఆమె. "చొక్కాకి గుండీ కుట్టడానికైనా నేను ఇంతకంటే ఎక్కువసేపు తీసుకుంటాను."

టైర్ల దుకాణం పైనున్న ఆ ఒక్క గదే కొండ ప్రజల సంఘం ఆఫీసు. ఆ అమ్మాయి సంఘానికి కార్యదర్శి. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన అధ్యక్షుడు. చనిపోయినతనికి స్వయానా అన్న. గని కంపెనీలో, కొండ మీద, అందరూ ఆ తమ్ముణ్ని 'పెట్టెల మామ' అనే పిలిచేవారు.

"అయిదింటికి ఏం జరగాలి?" అని అడిగింది డిటెక్టివ్.

"సంతకం," అన్నాడు పెద్దాయన. "కోర్టు పెట్టిన గడువమ్మా. గనిలో మూడో వంతు మాదేనన్న కాగితం మీదన్నా పెట్టాలి, మాకొద్దు, పరిహారం ఇస్తే చాలన్న కాగితం మీదన్నా పెట్టాలి. ఏదీ పెట్టకుండా అయిదు దాటితే హక్కు పోయినట్టే."

"ఏది పెడతారు?"

పెద్దాయన తన అరచేతుల కేసి చూసుకున్నాడు. "పదకొండేళ్లు కొట్లాడాం. మా కొండలో మేం కూలీలుగా ఉండం, యజమానులుగా కూర్చుంటామన్నాం. తీరా తూర్పు వాలులో తవ్వి చూస్తే రాగి లేదు పొమ్మంటున్నారు. ఉత్త రాయేనట. ఉత్త రాయిలో వాటా కోసం బ్యాంకు అప్పు తెచ్చి పద్నాలుగు ఊళ్ల నెత్తిన పెట్టమంటావా?"

"పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండి మేడమ్. తమ్ముడు పోయిన బాధలో ఉన్నారు," అంటూ లాయరు మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చాడు. పదకొండేళ్లుగా సంఘం తరఫున వాదించింది ఈ లాయరే. అమ్మాయి ఆయన్ని మామయ్య అంటుంది. ఆమె కాలేజీ ఫీజు కట్టింది కూడా ఆయనే.

పెద్దాయన లాయరును ఎగాదిగా చూశాడు. "మా ఇంట్లో శవం లేస్తే తమరు పెళ్లికొడుకులా తయారయ్యారు!"

లాయరు నొచ్చుకున్నాడు. "టీవీ వాళ్లొస్తారని నిన్న సాయంత్రమే జుట్టుకి రంగేయించుకున్నానండీ. ఇలా అవుతుందని కలగన్నానా?"

నిజమే, జుట్టు నిగనిగలాడుతోంది. చెవి వెనక చర్మానికి కూడా కాస్త నలుపు అంటింది. డిటెక్టివ్‌కు అప్రయత్నంగా తన ఇంట్లో దిండు గలీబులు గుర్తొచ్చాయి. రంగేసుకున్న మర్నాడు భర్త పడుకునే దిండుకి ఆమె పాత గలీబే తొడుగుతుంది. ఎన్ని నీళ్లు పోసుకున్నా చెమట పట్టిందంటే ఆ నలుపు దిగి తీరుతుంది.

"మీ నాన్న నిన్న నీతో ఏమన్నాడు?" అని అమ్మాయి వైపు తిరిగింది.

"సాయంత్రం ఇంటికొచ్చీ రాగానే అన్నాడు. 'రాళ్లు మారాయి. రేపు మాకొద్దన్న కాగితం మీద సంతకం పెట్టొద్దని పెదనాన్నకి చెప్పు. పొద్దున అందరికీ చూపిస్తాను' అని."

"ఈ మాట నువ్వెవరికి చెప్పావు?"

"ఇంకెవరికి చెప్తాను? మనవాళ్లకే. పెదనాన్నకీ, ఫోన్లో మామయ్యకీ."

"చూపించకుండానే పోయాడు కదమ్మా. ఉత్త మాట మీద అన్ని ఊళ్లనీ ఎలా ముంచను?" అన్నాడు పెద్దాయన.

డిటెక్టివ్ తల ఊపి లేచింది. అప్పుడు ఒకటీ ఇరవై.

* * *

షెడ్డు తలుపుకు రెండు తాళాలున్నాయి. ఒకటి కంపెనీది, రెండోది సంఘానిది. రెండూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. రాళ్ల విషయంలో కంపెనీ మోసం చెయ్యకుండా కొండవాళ్లు కోర్టుకెక్కి సాధించుకున్న ఏర్పాటది.

"సంఘం తాళంచెవి ఎక్కడుండేది?"

"నాన్న మెళ్లో. స్నానానికి కూడా తీసేవాడు కాదు," అంది అమ్మాయి. "ఇంకోటి మా ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఆ బీరువా నేనూ, పెదనాన్నా, లాయరు మామయ్యా తప్ప ఎవరూ తియ్యరు."

"అయితే రాళ్లు మారి ఉంటే కంపెనీవాళ్లు ఒక్కళ్లే మార్చలేరు."

అమ్మాయి ముఖం జేవురించింది. "అంటే మాలో దొంగలున్నారనా? పొద్దున ఆ ఇన్‌స్పెక్టరూ ఇదే కూత కూశాడు!"

"వాడు కూసింది నిన్ను ఏడిపించడానికి. నేనడిగేది తెలుసుకోవడానికి. కోపం దాచుకో, సాయంత్రం పనికొస్తుంది."

లోపల వరసగా ఇనుప ర్యాకులు. వాటి నిండా పొడవాటి చెక్కపెట్టెలు. భూమిని గొట్టంతో తొలిచి పైకి తీసిన రాతి కడ్డీలను, ఎంత లోతులో వచ్చినవి అంత వరసలో, ఆ పెట్టెల్లో పేరుస్తారు. పెట్టెలు చదివితే కొండ కడుపులో ఏముందో తెలిసిపోతుంది. కూలిన ర్యాకు మూడో వరసలో ఉంది. నేల మీద మరక చుట్టూ సుద్దతో గీసిన గీతను అమ్మాయి దాటలేక అక్కడే ఆగిపోయింది.

కంపెనీ జియాలజిస్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పాతికేళ్లుంటాయి. రుమాలుతో అదే చెయ్యి మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాడు.

"తూర్పు వాలులో రాగి లేదని రాసింది నువ్వేనా?"

"నేనేనండీ. పెట్టెల్లో ఏముంటే అది రాశాను."

"ఎప్పుడు చూశావు?"

"మంగళవారం."

"పెట్టెలు షెడ్డుకొచ్చింది?"

"శనివారం."

"మూడు రోజులు ఏం చేశావు?"

"ఆదివారం నన్ను పట్నం పంపించారండీ. మీటింగన్నారు. వెళ్తే అక్కడ మీటింగేమీ లేదు."

"అప్పుడైనా నీకు అనుమానం రాలేదా?"

"వచ్చినా ఏం చేస్తానండీ? ఉద్యోగం కదా!"

"బాగుంది. నీ ఉద్యోగం నిలబడింది. పెట్టెల మామ పడుకున్నాడు."

అతను తల దించుకున్నాడు. డిటెక్టివ్ తూర్పు వాలు పెట్టెల దగ్గరికి నడిచింది. ఇరవై రెండు పెట్టెలు. అంకెలు, లోతులు, గుర్తులు, అన్నీ తిన్నగానే ఉన్నాయి. "మీ నాన్నయితే వీటిని ఎలా చూసేవాడు?" అని అమ్మాయిని అడిగింది.

అమ్మాయి చున్నీతో కళ్లొత్తుకుని, మొదటి పెట్టె ముందు గొంతుక్కూర్చుంది. "చిన్నప్పుడు నాకు ఇదే ఆట. కడ్డీ ఎక్కడ విరిగినా, విరిగిన చోట రెండు మొహాలూ ఒకదానికొకటి అతుకుతాయి. ఇది దీనికే అతుకుతుంది, ఇంకే రాయికీ అతకదు. పెట్టె నిండిపోతే దీని ఆఖరి ముక్క పక్కపెట్టె మొదటి ముక్కకి అతకాలి. నాన్న ప్రతి పెట్టెనీ అలా అతికించి చూసిగానీ ర్యాకులో పెట్టేవాడు కాదు."

"నువ్వూ చూడు."

ఒకటి ఆఖరు, రెండు మొదలు. పగిలిన పింగాణీ పళ్లెం అంచుల్లా టక్కుమని కూర్చున్నాయి. రెండూ మూడూ. మూడూ నాలుగూ. ఆమె చేతులు తండ్రి చేతుల్లా గబగబా కదిలాయి. పది, పదకొండు.

పన్నెండు దగ్గర ఆగిపోయాయి.

తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది. పదకొండో పెట్టె ఆఖరి ముక్క ఏటవాలుగా, ఒక పక్క పన్నులా విరిగి ఉంది. పన్నెండో పెట్టె మొదటి ముక్క కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

"అతకట్లేదు," అంది. తర్వాత పదహారో పెట్టె ఆఖరి ముక్కనూ పదిహేడో పెట్టె మొదటి ముక్కనూ దగ్గర పెట్టింది. అవీ అతకలేదు. "ఇవి మా రాళ్లు కావు! పన్నెండు నుంచి పదహారు దాకా, ఈ అయిదూ ఎక్కడివో తెచ్చి పెట్టారు!"

డిటెక్టివ్ జియాలజిస్టును చూసింది.

"నేను పెట్టె పెట్టె విడిగా చూశానండీ," అన్నాడతను ఏడుపు గొంతుతో. "అతికించి చూడలేదు. మాకు కాలేజీలో చెప్పారు గానీ, ఇక్కడ మామ చేస్తాడు కదా అని..."

"అవును. మామ చేస్తాడు కదా అనే మామను లేపేశారు."

అమ్మాయి ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకుంది. "మేడమ్, నాన్న నిన్న ఇంకో మాట కూడా అన్నాడు. 'పన్నెండో దాని తల మన ఇంట్లో ఉంది' అని. ఏదో పరధ్యానంలో అన్నాడనుకున్నాను. శనివారం సాయంత్రం తువ్వాల్లో ఏదో చుట్టుకొచ్చి మంచం కింద పెట్టాడు. ఏంటి నాన్నా అంటే దొంగతనం చేసినవాడిలా సిగ్గుపడ్డాడు. పంతొమ్మిదేళ్లలో షెడ్డులోంచి ఒక్క గులకరాయి కూడా ఇంటికి తెచ్చిన మనిషి కాదు!"

"ఆయనకు శనివారమే ఏదో వాసన తగిలింది. తల అంటే మొదటి ముక్కే. అది పెద్దాయన ముందు పదకొండో దానికి అతికితే చాలు, రిపోర్టు అబద్ధమని ఆయనే ఒప్పుకుంటాడు. వెళ్లి పట్టుకురా, సరాసరి కంపెనీ హాలుకే. ఒంటరిగా మాత్రం వెళ్లకు. నీకు బాగా నమ్మకమున్నవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లు."

అమ్మాయి పరిగెత్తింది. అప్పుడు మూడూ ఇరవై అయిదు.

* * *

ఆమె వెళ్లిన పావుగంటకి ఇన్‌స్పెక్టరు షెడ్డులో అడుగుపెట్టాడు. ఒకప్పుడు పోలీసు ప్రయోగశాలలో డిటెక్టివ్ దగ్గర శిక్షణ పొందినవాడే. తప్పుడు నివేదిక మీద సంతకం పెట్టనని ఆమె ఉద్యోగం వదులుకుంటే, ఆ సంతకం పెట్టి పైకొచ్చినవాడు.

"భూతద్దం మేడమ్ గారా! ప్రైవేటు మనుషులకి ఇక్కడేం పనండీ?"

"సంఘం తాళం తీసి సంఘం వాళ్లే తీసుకొచ్చారు. నువ్వు ఏ తాళం తీసుకుని వచ్చావు?"

"కేసు అయిపోయింది. కాలు జారి ర్యాకు పట్టుకున్నాడు. తుప్పు పట్టిన ర్యాకు, కూలింది."

"ఇలా రా." ఆమె కూలిన ర్యాకు కాళ్ల దగ్గర వంగింది. నేలలోంచి నాలుగు బోల్టులు పైకి పొడుచుకుని ఉన్నాయి. "తుప్పు పట్టిన బోల్టు విరుగుతుంది. ఇవి విరగలేదు. మరలు చూడు, తళతళలాడుతున్నాయి. ఎవరో నూనె వేసి నాలుగు నట్లూ తిప్పి తీశారు. ఆ నట్లేవి? నేల మీద లేవు. నీ జాబితాలో లేవు. ర్యాకు కూలేముందు వాటిని మింగిందా?"

ఇన్‌స్పెక్టరు ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకున్నాడు. "మీకెందుకండీ ఈ వయసులో? రేపు ఆ పరిహారం చేతికొస్తే వాళ్లే మిమ్మల్ని మర్చిపోతారు. కొండవాళ్లకి గనులు నడపడం చేతనవుతుందా?"

డిటెక్టివ్ నిటారుగా నిలబడింది. "నీకు వేలిముద్రల పొడి చల్లడం కూడా చేతనయ్యేది కాదు. మూడు నెలలు చెయ్యి పట్టుకుని నేర్పాను. అప్పుడు నీకు చేతకాదని నీ ఉద్యోగం ఎవరైనా లాక్కున్నారా?"

ఆమె పదకొండో పెట్టెలోని ఆఖరి ముక్కను తీసి చేతిసంచిలో వేసుకుంది.

"ఏయ్, అది సాక్ష్యం! ఎత్తుకెళ్తున్నారా?"

"ప్రమాదమని నువ్వే రాశావుగా. ప్రమాదంలో సాక్ష్యమేముంటుంది నాయనా? రాయి, అంతే."

జియాలజిస్టు ఎంత ఆపుకున్నా నవ్వు బయటపడింది. ఇన్‌స్పెక్టరు కొరకొరా చూసేసరికి ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

తలుపు దగ్గర కొక్కేలకు ఆరు తెల్ల హెల్మెట్లు వేలాడుతున్నాయి. డిటెక్టివ్ చూపు వాటి మీద ఆగింది. "ఇవెవరివి?"

"బయటివాళ్ల కోసమండీ," అన్నాడు జియాలజిస్టు. "మామ రూలు. ఇది పెట్టుకోనిదే సాక్షాత్తూ మా ఎం.డి. గారినే గుమ్మం దాటనివ్వలేదు. ఎంత తెలిసినవాళ్లయినా సరే, ముందు టోపీ, తర్వాతే మాట అనేవాడు."

ఆమె ఒక్కొక్కటీ దింపి తిరగేసింది. మొదటిదాంట్లో దుమ్ము. రెండోదాంట్లో సాలెగూడు. మూడూ, నాలుగూ దుమ్మే. అయిదోదాంట్లో దుమ్ము లేదు. నుదుటికి ఆనే తెల్లటి స్పాంజి పట్టీ మీద, ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దగ్గర దాకా, కాటుక పులిమినట్టు నల్లటి మరక.

వేలితో తాకింది. నలుపు వేలికి అంటింది.

ఇరవై ఎనిమిదేళ్ల దిండు గలీబులు ఆమె కళ్ల ముందు తిరిగాయి. నిన్న సాయంత్రం రంగు. ఇవాళ పొద్దున చెమట. నట్లు ఊడదీస్తే పట్టే చెమట. కంపెనీ తాళం కంపెనీవాళ్లే తీసిపెట్టి ఉంటారు. రెండోది పెట్టెల మామ ఆ మనిషిని చూసి నవ్వుతూ తీసి ఉంటాడు. నవ్వుతూనే ఈ టోపీ చేతికిచ్చి, పెట్టుకుంటేగానీ లోపలికి రానివ్వనని ఉంటాడు.

"అమ్మాయి ఎవరితో వెళ్లింది?" ఆమె గిరుక్కున తిరిగి అడిగింది.

"లాయరు గారితోనండీ," అన్నాడు జియాలజిస్టు. "తలుపు దగ్గర్నుంచి చూశాను, ఆయన కారు గేటు దగ్గరే ఉంది. మామయ్యా, ఇంటిదాకా దింపవా అని తనే ఎక్కింది."

నమ్మకమున్నవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లు. ఆ మాట తన నోటితో తనే అంది.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి మోగనేలేదు.

"జీపు పంపించు," అంది ఇన్‌స్పెక్టరుతో. "పెట్టెల మామ ఇంటికి. ఇప్పుడే!"

"ఏదో టోపీకి మసి అంటిందని జీపు పంపాలా? పైవాళ్లకి నేనేం చెప్పుకోను?"

అతన్ని చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. కొడుతూ కూర్చుంటే టైము పోతుంది. "నీకు బండి ఉందా?" అని జియాలజిస్టును అడిగింది. అతను తల ఊపాడు. "వెళ్లు. ఈసారైనా ఉద్యోగం సంగతి ఆలోచించకు."

తను మాత్రం హెల్మెట్ చంకలో పెట్టుకుని హాలు వైపు బయల్దేరింది. లాయరు ఎక్కడున్నా అయిదింటికల్లా అక్కడ ఉండక తప్పదు. ఇన్‌స్పెక్టరు అరుస్తూ వెనకే వచ్చాడు. అప్పుడు నాలుగూ పది.

* * *

హాల్లో పొడవాటి బల్ల. దాని మీద రెండు కాగితాలు. ఒక పక్క కంపెనీ పెద్దలు, ఇంకో పక్క పద్నాలుగు ఊళ్ల పెద్దలు. గోడ గడియారం నాలుగూ యాభై మూడు చూపిస్తోంది. పెద్దాయన చేతిలో కలం, 'మాకొద్దు' అన్న కాగితం మీదికి వంగి ఉంది. పక్కనే లాయరు ఒక వేలితో సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు.

"ఆగండి!"

కలం ఆగింది. డిటెక్టివ్ సరాసరి లాయరు ముందుకెళ్లి నిలబడింది. "అమ్మాయి ఏది?"

"తలనొప్పిగా ఉందంటే ఇంటి దగ్గర దింపానండీ. తండ్రి పోయిన పిల్ల, పడుకోనివ్వండి," అన్నాడు లాయరు మెత్తగా.

"ఇంట్లోంచి ఏమీ తెచ్చుకోలేదా?"

"ఏమీ లేదే!"

అంటూనే బల్ల మీదున్న తన తోలు సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. ఎప్పుడూ నాలుగు కాగితాలతో ఒంటివేలికి వేలాడే సంచి. ఇప్పుడు దాన్ని రెండు చేతులా లాక్కోవలసి వచ్చింది. దాని అడుగు కుండలా కిందికి జారింది.

డిటెక్టివ్ అది చూసింది. పెద్దాయన కూడా చూశాడు.

"సంచి తెరవండి లాయరు గారూ," అన్నాడు పెద్దాయన.

"అందులో కేసు కాగితాలు..."

"మా కేసే కదా. మా కాగితాలే కదా. తెరవండి!"

లాయరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే నిలబడి, తలుపు దాటి లోపలికీ రాలేదు, కళ్లు పైకీ ఎత్తలేదు. పద్నాలుగు ఊళ్ల పెద్దలూ ఒకేసారి కుర్చీల్లోంచి లేచారు. సంచిని లాక్కుని బల్ల మీద బోర్లించింది డిటెక్టివే. కాగితాలతో పాటు నీలం తువ్వాలు మూట ఒకటి దబ్బున పడింది. మూట విప్పితే మూరెడు రాతి కడ్డీ. బూడిదరంగు రాయి నడుమ వేలంత వెడల్పున పచ్చటి చారలు.

ఆమె తన చేతిసంచిలోంచి పదకొండో పెట్టె ముక్క తీసి పెద్దాయన చేతికిచ్చింది. "మీ తమ్ముడు ఎలా చేసేవాడో మీకు తెలుసు. మీరే పెట్టి చూడండి."

పెద్దాయన రెండు ముక్కలూ దగ్గరికి తెచ్చాడు. పన్ను పంటిసందులో దూరింది. టక్. రెండూ ఒకే కడ్డీ అయిపోయాయి. సందులో వెంట్రుక కూడా పట్టదు.

"ఇది తూర్పు వాలు," అన్నాడు పెద్దాయన, పచ్చటి చార మీద వేలు పెట్టి. "ఇది మా రాగి. దీన్ని దాచి, ఉత్త రాయి అని చెప్పి, మా చేత్తోనే మాకొద్దని రాయిస్తున్నావా? పదకొండేళ్లు మా పక్కనే కూర్చుని?"

కంపెనీ పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చండీ. టైము..."

"టైము నాకూ తెలుసు!"

నాలుగూ యాభై ఏడు. పెద్దాయన ముందున్న కాగితాన్ని చరచరా చించి, రెండో కాగితాన్ని లాక్కున్నాడు. మూడో వంతు వాటా తమదేనన్న కాగితం. ఒక్కొక్క అక్షరం నొక్కి నొక్కి సంతకం పెట్టాడు. కలం కాగితాన్ని చీల్చుకుని బల్ల మీద గీత పెట్టింది. పద్నాలుగు ఊళ్ల పెద్దలూ కేకలు వేశారు. ఎవరో ఏడ్చేశారు.

డిటెక్టివ్ మాత్రం కేక వెయ్యలేదు. ఫోన్లో జియాలజిస్టు గొంతు వింటోంది. ఇల్లు బార్లా తెరిచి ఉందట. మంచం తిరగబడి ఉందట. గుమ్మంలో ఆడపిల్ల చెప్పు ఒకటే ఉందట, రెండోది లేదట.

ఆమె ఫోన్ దించి పెద్దాయన కేసి చూసింది. ఆయనకు ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కేకలు సద్దుమణిగేలోపే ఆయన ఆ నీలం తువ్వాలును గుర్తుపట్టాడు. తమ్ముడి తువ్వాలు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బల్ల చుట్టూ తిరిగి, లాయరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఈ రాయి మా పిల్ల చేతిలో ఉండాలి," అన్నాడు నెమ్మదిగా. "నీ సంచిలోకి ఎలా వచ్చింది? మా పిల్ల ఏది?"

డిటెక్టివ్ చంకలోని హెల్మెట్‌ను తిరగేసి, పట్టీ మీది నల్లటి మరక కనిపించేలా లాయరు ముందు పెట్టింది. లాయరు చూపు దాని మీద నిలిచిపోయింది. అతని చెవి వెనక నుంచి నల్లటి చెమట చుక్క ఒకటి మెల్లగా జారి, తెల్లటి కాలరు మీద పడింది.